బెండు

మోకాలు ముందు లేస్తుంది, తర్వాత నేను.
మూడూముప్పావుకి ఇద్దరం కలిసి బాత్‌రూమ్ దాకా నడుస్తాం.

గాలాలన్నీ రాత్రే కట్టి పెట్టుకుంటాను,
ట్యూబులైటు కింద, భూతద్దాన్ని చెంబుకి ఆనించి,
పది ముళ్లకి పది దారాలు.
చీకట్లో తడిమి ముడి వేసే వేళ్లు
ఎప్పుడో రిటైరయ్యాయి,
నాకు చెప్పకుండా.

జేబులో రెండు గ్లూకోజు బిస్కెట్లు. మా సుగుణ పెట్టిన షరతు.
"కళ్లు తిరిగితే ముందు ఇవి నోట్లో వేసుకో,
చేప సంగతి తర్వాత చూద్దువుగాని."
మోపెడ్ మీద ప్లాస్టిక్ స్టూలు, ఎర్రల డబ్బా.
పటమట దాటి యనమలకుదురు కరకట్ట ఎక్కేసరికి
టీ బండి అతను ఇంకా గిన్నెలు తోముతుంటాడు.

కట్ట దిగడం ఇప్పుడొక పని.
ఒకప్పుడు దూకుడు మీద ఇసక దాకా ఆగేవాళ్లం కాదు.
ఇప్పుడు ఎండ్రకాయలా పక్కవాటుగా,
ఒక్కో రాయినీ కాలితో తట్టి
బాగున్నావా అని అడిగి మరీ.

నాగూరు అప్పటికే వచ్చి ఉంటాడు.
వాడిది తుపాకి చెయ్యి.
కొండపల్లి అడవిలో జీపు బానెట్ మీద కూర్చుని
పరిగెత్తే కుందేల్ని కొట్టినవాడు.
ఆ సంగతులు ఇప్పుడు బయట చెప్పకూడదంటాడు,
మళ్లీ తనే చెబుతాడు.
ఏవో ఎలక్షన్లకి స్టేషన్లో అప్పజెప్పిన తుపాకిని
తిరిగి అడగలేదు.
రసీదు మాత్రం పర్సులో, పోయిన భార్య ఫోటో వెనకాల ఉంది.
ఇప్పుడు చేతికర్ర ఎత్తి, ఎడమకన్ను మూసి,
జమ్ములో తిరిగే నీటికోడికి గురిపెట్టి
నాలికతో "ఠాప్" అంటాడు.
అది తలైనా తిప్పదు.
"తగల్లేదా?" అంటాను.
"తగిలింది. దానికింకా తెలీలేదు."

బ్యారేజీ గేట్లు దించాక
ఏరు కాసిని నీళ్లని ఇక్కడా అక్కడా మర్చిపోయి వెళ్తుంది.
ఆ మర్చిపోయిన మడుగుల్లోనే ఉంటాయి వాలుగలు.
గాలం వేస్తాను. మునుపటంత దూరం పడదు.
పర్లేదు, దగ్గర్లోనూ ఉంటాయి కొన్ని,
దూరం వెళ్లే ఓపిక లేనివి.

చిక్కల్లా చేతితో.
రెండేళ్లనుంచి కర్ర పట్టుకోగానే వణుకుతుంది.
చెయ్యి వణికితే కర్ర, కర్ర వణికితే బెండు.
మొదట్లో ప్రతి వణుకుకీ లాగేవాణ్ణి.
ఖాళీ ముల్లు గాల్లో ఊగేది,
నాగూరు మర్యాదగా ఆకాశం వంక చూసేవాడు.
ఆ ఏడంతా ఒక్క చేప లేదు.
కర్రని అటకెక్కిద్దామనుకున్నా.

ఒక పొద్దున తట్టింది,
ఆటోనగర్లో ముప్పై ఎనిమిదేళ్లు లేతు తిప్పినవాణ్ణి కదా నేను.
బెడ్డు మీద ఒక్క వేలు ఆనిస్తే
ఆ అదురు బేరింగుదో, బెల్టుదో, పునాది బోల్టుదో
చెప్పేవాణ్ణి.
ఆ వేలే ఇది.
నా వణుకు ఒకే లెక్కన పోతుంది, పాత మోటారులా,
దేన్నీ ఆశించదు.
చేప వణుకుకి లెక్క ఉండదు.
ముట్టుకుంటుంది, అనుమానపడుతుంది, పోయి మళ్లీ వస్తుంది.

అప్పట్నుంచి నా చేతిని దాని మానాన వణకనిచ్చి
ఆ కింద ఇంకోటి ఏమైనా ఉందా అని వింటాను.

ఇవాళ, వారధి మీద లారీల లైట్లు ఇంకా ఆరకముందే
లెక్క తప్పింది.
ఆగాను.
ఇంకోసారి తప్పింది.

వాలుగ. మూరెడు పైనే. మీసాలు, కోపం.
నాగూరు చేతికర్ర పారేసి నా నడుం పట్టుకున్నాడు,
నేను గాలం కర్రని, కర్ర చేపని, చేప ఏటిని.
కాసేపు ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలీలేదు.
ఒడ్డున పడ్డాక ముగ్గురం రొప్పాం.

వాడికో బిస్కెట్టు, నాకోటి.
ఇంక కట్ట ఎక్కాలి.
గోనెసంచి చెరో కొస పట్టుకున్నాం.
నాలుగు అడుగులు వేశామో లేదో సంచి అదిరింది.
నాగూరు ఆగి నా చేతి వంక చూశాడు.
"నేను కాదు" అన్నాను.